నోరు జారిన అభ్యర్థులకు రెండు తూకాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల సీజన్‌లో ఎవరో ఒకరు నోరు జారుతారు. గంటలో క్లిప్ వైరల్ అవుతుంది. ఆ వెంటనే "ఇదే మాట మీవాళ్లు అని ఉంటే ఇంత గొడవ చేసేవారా?" అనే ప్రశ్న వస్తుంది. తమాషా ఏంటంటే ఈ ఫిర్యాదు రెండు వైపుల నుంచీ వస్తుంది, అంతే కోపంతో. ఆ వాదనల్లో పదేపదే ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ ఎన్నికలవి. అక్కడ ఎవరు ఏ రోజు ఏమన్నారో రికార్డు దొరుకుతుంది. పైగా దూరపు గొడవ కాబట్టి బీపీ పెరగకుండా చదువుకోవచ్చు.

అసలు నోరు జారడం అంటే ఏది?

మూడు వేర్వేరు సంగతుల్ని మనం ఒకే గాటన కట్టేస్తుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒకటి, నాలుక తడబాటు. ఒకటి అనబోయి ఇంకొకటి అనడం. 2008 మే నెలలో ఒరెగాన్ రాష్ట్రంలో ప్రచారం చేస్తూ బరాక్ ఒబామా తాను ఇప్పటికి 57 రాష్ట్రాలు తిరిగానని, ఇంకొకటి మిగిలిందని అన్నారు. అమెరికాలో ఉన్నవే 50. 47 అనబోయి 57 అన్నారని వింటేనే అర్థమవుతుంది.

రెండోది, విషయం తెలియకపోవడం. 2016 సెప్టెంబర్‌లో లిబర్టేరియన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి గ్యారీ జాన్సన్‌ను టీవీలో "అలెప్పో విషయంలో ఏం చేస్తారు?" అని అడిగారు. ఆయన "అలెప్పో అంటే ఏంటి?" అని తిరిగి అడిగారు. సిరియా యుద్ధంలో ఆ ఊరి పేరు రోజూ వార్తల్లో ఉన్న రోజులవి.

మూడోది, మనసులో మాట బయటపడటం. 2012లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీ పార్టీకి విరాళాలిచ్చే వాళ్లతో ఒక విందులో మాట్లాడుతూ, 47 శాతం మంది ఏం చేసినా ఒబామాకే ఓటేస్తారని, వాళ్లు ప్రభుత్వం మీద ఆధారపడ్డవాళ్లని, తమను తాము బాధితులుగా చూసుకుంటారని అన్నారు. రహస్యంగా తీసిన వీడియో సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. అందులో ఆయన నాలుక ఎక్కడా తడబడలేదు. వాక్యాలు చక్కగా, పూర్తిగా ఉన్నాయి.

నా లెక్కలో మొదటి రకానికి విలువ దాదాపు సున్నా. రెండోది ఆ పదవికి ఆ విషయం ఎంత అవసరమన్న దాన్నిబట్టి ఉంటుంది. ఓటరు నిజంగా పట్టించుకోవాల్సింది మూడోదే. రెండు తూకాల ఆట మాత్రం ఈ మూడింటి మధ్య సరుకు మార్చడంతో నడుస్తుంది. మనవాళ్ల మూడో రకం మాటను "అబ్బే, తడబడ్డారు" అని మొదటి దాంట్లోకి నెడతాం. అవతలివాళ్ల తడబాటును "చూశారా, అసలు రంగు బయటపడింది" అని మూడో దాంట్లో వేస్తాం.

మాటలు తడబడటం అంత మామూలు విషయమా? నాయకులు సిద్ధమై రారా?

సిద్ధమైనా తడబడతారు. మామూలు మాటల్లో సుమారు వెయ్యి పదాలకు ఒక తడబాటు దొర్లుతుందని భాషా పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ప్రచారంలో ఉన్న అభ్యర్థి రోజుకు మూడు గంటలు, నిమిషానికి 130 పదాల చొప్పున మాట్లాడతారనుకోండి. ఇరవై మూడు వేల పదాలు దాటుతాయి. అంటే రోజుకు ఇరవై పైచిలుకు తడబాట్లు, అదీ నిద్ర సరిపోయిన మనిషికి. ఏడాది పొడవునా సాగే ప్రచారంలో ఇవి వేలకు వేలు. వాటిలో మనకు గుర్తుండేవి నాలుగో ఐదో. మిగతావి ఎందుకు గాలికి పోయాయి, ఆ నాలుగే ఎందుకు నిలిచాయి అన్నది అసలు అడగాల్సిన ప్రశ్న.

అయితే రెండు తూకాలు నిజంగానే ఉన్నాయా?

ఉన్నాయి. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అన్న సామెత రాజకీయాలకు అచ్చంగా సరిపోతుంది. కాకపోతే ఎవరు అత్త, ఎవరు కోడలు అన్నది పార్టీని బట్టి మాత్రమే తేలదు.

1992 జూన్‌లో న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఒక బడికి అప్పటి రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ వెళ్లారు. పన్నెండేళ్ల పిల్లవాడు బోర్డు మీద పొటాటో స్పెల్లింగ్ సరిగ్గానే రాశాడు. క్వేల్ ఇంకా ఒక అక్షరం మిగిలిందని చెప్పి, చివర అక్కర్లేని "ఈ" పెట్టించారు. ఆయన చేతికిచ్చిన కార్డు మీదే స్పెల్లింగ్ తప్పుగా ఉంది. అయినా ఆయన పేరు చెప్పగానే ఇవాళ్టికీ బంగాళాదుంపే గుర్తొస్తుంది.

ఒబామా 57 రాష్ట్రాల మాట దీనికన్నా చిన్న తప్పేం కాదు. రాసిచ్చిన కార్డు చూసి తప్పు చేయడం కన్నా సొంత దేశంలోని రాష్ట్రాల సంఖ్య తప్పు చెప్పడం పెద్దదని వాదించొచ్చు కూడా. కానీ పెద్ద మీడియాలో అది రెండు రోజుల నవ్వులాటగా మిగిలిపోయింది. "క్వేల్ అని ఉంటే?" అని రిపబ్లికన్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

కారణం మాత్రం వాళ్లు చెప్పినంత సూటిగా లేదు. క్వేల్ తేలికపాటి మనిషి అన్న కథ 1988 నుంచే నడుస్తోంది. ఆ ఏడాది డిబేట్‌లో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి లాయిడ్ బెంట్‌సన్ "మీరు జాక్ కెనడీ (మాజీ అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ) కారు" అని ఆయన గాలి తీసేసిన రోజే అది గట్టిపడింది. బంగాళాదుంప ఆ కథకు తయారుగా దొరికిన బొమ్మ. ఒబామా మీద నడుస్తున్న కథ వేరు: హార్వర్డ్ చదువు, మంచి వక్త. 57 అందులో ఇమడలేదు, కాబట్టి జారిపోయింది. ఇంకోవైపు, ఆయన రహస్యంగా ముస్లిం అని ప్రచారం చేసే వర్గాల్లో అదే 57 ప్రాణం పోసుకుంది. ఇస్లామిక్ సహకార సంస్థలో సభ్య దేశాలు 57 కాబట్టి ఆయన మనసులో ఉన్నది అదేనని ఈమెయిళ్లు తిరిగాయి. అంకె ఒక్కటే. ఒక కథలో చెత్తబుట్టకు పోయింది, ఇంకో కథలో సాక్ష్యం అయింది.

అంటే మీడియా ఒక పార్టీకి కొమ్ము కాస్తోందనేగా?

కొన్నిసార్లు అవును. ఎప్పుడూ అదే జవాబైతే 2000 ఎన్నికలు అర్థం కావు.

డెమోక్రాట్ ఆల్ గోర్ 1999 మార్చిలో సీఎన్‌ఎన్ ఇంటర్వ్యూలో, పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు ఇంటర్నెట్‌ను సృష్టించడంలో చొరవ తీసుకున్నానని అన్నారు. మాట కొంచెం పొగరుగానే ఉంది. జనంలోకి మాత్రం "ఇంటర్నెట్‌ను నేనే కనిపెట్టాను" అని వెళ్లింది. ఆ మాట ఆయన అనలేదు. ఇంటర్నెట్‌కు పునాది వేసిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఇద్దరూ గోర్ చేసిన కృషి నిజమేనని రాశారు. ఫలితం లేకపోయింది. గోర్ గొప్పలు చెప్పుకుంటారన్న కథ అప్పటికే ఖాయమైపోయింది.

ఆయన ప్రత్యర్థి జార్జ్ బుష్ మాటలు ఎక్కడపడితే అక్కడ తొట్రుపడేవి. టీవీ కమెడియన్లకు అది పండగ. కానీ ఆయనకు మాటలు రావని ముందే అందరూ అనుకోవడం వల్ల, డిబేట్‌లో మామూలుగా మాట్లాడితేనే "పర్లేదే" అనిపించుకున్నారు. తక్కువ అంచనా కూడా ఒక రకం రాయితీనే. గోర్ అక్టోబర్ డిబేట్‌లో విసుగ్గా నిట్టూర్పులు విడిచినందుకే వారం పాటు వార్తల్లో నలిగారు.

2008లో సారా పేలిన్‌కు అన్యాయం జరిగిందా?

సగం జరిగింది. అలాస్కా గవర్నర్‌గా ఉన్న ఆమె ఆ ఏడాది రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి. "మా ఇంట్లోంచి రష్యా కనిపిస్తుంది" అన్నది పేలిన్ కాదు, టీవీ కామెడీ షోలో ఆమె వేషం వేసిన టీనా ఫే. పేలిన్ అన్నది, అలాస్కాలోని ఒక దీవి నుంచి రష్యా భూభాగం కనిపిస్తుందని. అది భౌగోళికంగా నిజం. అయినా ఆ వేషం డైలాగే ఆమె మాటగా స్థిరపడింది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో టీవీ జర్నలిస్టు కేటీ కూరిక్ ఇద్దరు ఉపాధ్యక్ష అభ్యర్థులనూ ఇంటర్వ్యూ చేశారు. డెమోక్రాట్ల అభ్యర్థి జో బైడెన్ ఆమెతో మాట్లాడుతూ, స్టాక్ మార్కెట్ కుప్పకూలినప్పుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ టీవీలోకొచ్చి ప్రజలకు వివరించారని అన్నారు. 1929లో అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్. ఇళ్లలో టీవీలే లేవు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు! "బైడెన్ అంతే" అని నవ్వేసి వదిలేశారు. అదే వాక్యం పేలిన్ నోట వచ్చి ఉంటే ఆమె కెరీర్ చివరిదాకా వెంటాడేది. ఇందులో నాకు అనుమానం లేదు.

మిగతా సగం సంగతి: కూరిక్ ఇంటర్వ్యూలో పేలిన్‌కు జరిగింది తడబాటు కాదు. ఏ పత్రికలు చదువుతారని అడిగితే ఒక్క పేరు చెప్పలేకపోయారు. ఆర్థిక సంక్షోభం గురించి అడిగితే జవాబు ఎటెటో తిరిగింది. అది రెండో రకం. దాన్ని పట్టించుకున్నందుకు మీడియాను తప్పుపట్టలేం. బైడెన్‌కు అప్పటికి సెనేట్‌లో 35 ఏళ్ల అనుభవం ఉంది, కాబట్టి ఆయన పొరపాటును పొరపాటుగా చూశారు. కొత్తవాళ్లకు ఆ పరపతి ఉండదు.

ఆడవాళ్లను, మైనారిటీ అభ్యర్థులను ఇంకా కఠినంగా చూస్తారా?

ఒకే నెల, ఒకే దేశం, ఒకే రకం తప్పు. ఇంత దగ్గరి పోలిక మళ్లీ దొరకడం కష్టం.

2017 మే 2. బ్రిటన్ ఎన్నికల ప్రచారం. ప్రతిపక్ష లేబర్ పార్టీ తరఫున హోం శాఖ వ్యవహారాలు చూస్తున్న డయాన్ అబాట్ ఎల్‌బీసీ రేడియోలో ఉన్నారు. కొత్తగా పదివేల మంది పోలీసులను తీసుకుంటామన్నది పార్టీ హామీ. ఖర్చెంత అని అడిగారు. మూడు లక్షల పౌండ్లు అన్నారు. అంటే ఒక్కో పోలీసుకు ఏడాదికి 30 పౌండ్లు! యాంకర్ వదల్లేదు. ఆమె వెంటనే సర్దుకుని ఎనిమిది కోట్లు అన్నారు. ఆ తర్వాత అంకెలు ఇంకా కలగాపులగం అయ్యాయి. మధ్యలో కాగితాల చప్పుడు, మౌనం. పార్టీ లెక్కలో నాలుగో ఏడాదికి అయ్యే ఖర్చు దాదాపు 30 కోట్ల పౌండ్లు. ఆమె నోట వచ్చిన మొదటి అంకెకు మూడు సున్నాలు తగ్గాయి.

రెండు వారాల తర్వాత, మే 17న, ఆర్థిక మంత్రి ఫిలిప్ హామండ్ బీబీసీ రేడియోలో ఉన్నారు. హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలు ప్రాజెక్టు ఖర్చెంత అని అడిగారు. 3,200 కోట్ల పౌండ్లు అన్నారు. ప్రభుత్వ లెక్క 5,200 కోట్లకు పైనే. రెండు వేల కోట్ల పౌండ్ల తేడా, అదీ దేశ ఖజానా తాళాలు చేతిలో ఉన్న మనిషి నోట. ఒకరోజు వార్త అయింది. ఆ తర్వాత ఎవరికీ గుర్తులేదు.

అబాట్ ఇంటర్వ్యూ మాత్రం ప్రచారం ముగిసేదాకా మోగుతూనే ఉంది. పోలింగ్‌కు ముందురోజు ఆమె అనారోగ్యంతో ఆ బాధ్యత నుంచి తాత్కాలికంగా తప్పుకున్నారు. తనకు మధుమేహం ఉందని, ప్రచారంలో అది అదుపు తప్పిందని తర్వాత చెప్పారు. బ్రిటన్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ ఆమె, 1987 నుంచి ఎంపీ. ఆ ఎన్నికల ముందు వారాల్లో మహిళా ఎంపీలకు వచ్చిన బూతు ట్వీట్లలో దాదాపు సగం ఆమె ఒక్కరికే వచ్చాయని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క తేల్చింది.

రెండు తప్పులూ అచ్చంగా ఒకటేనని అనను. హామండ్ ఒక అంకె తప్పు చెప్పి ముందుకెళ్లిపోయారు. అబాట్ నిమిషాల తరబడి అంకెల్లో చిక్కుకున్నారు, వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. ఆ తేడాకు కొంత వార్త దక్కాలి. కానీ ఒకరికి ఒక రోజు, ఇంకొకరికి ఐదు వారాలు, ఆపైన బూతులు. ఈ తేడా మొత్తం అంకెల తడబాటు వల్లే వచ్చిందంటే నమ్మడం కష్టం.

వయసు మీద పడ్డ నాయకుల సంగతి?

2024 జనవరిలో డొనాల్డ్ ట్రంప్ ఒక సభలో డెమోక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీ పేరు చెప్పాల్సిన చోట, సొంత పార్టీలో తన ప్రత్యర్థి నిక్కీ హేలీ పేరు వరుసగా చెప్పారు. జూలై 11న నాటో సమావేశాల్లో బైడెన్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని "అధ్యక్షుడు పుతిన్" అని పరిచయం చేశారు. ఆ సాయంత్రమే కమలా హారిస్‌ను "ఉపాధ్యక్షుడు ట్రంప్" అన్నారు. పది రోజుల తర్వాత పోటీ నుంచి తప్పుకున్నారు. ట్రంప్ గెలిచారు.

పేర్లు తారుమారు కావడం ముసలితనానికి మాత్రమే గుర్తు కాదు. డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించింది ఇదే: ఒకే గుంపుగా మనసులో పెట్టుకున్న వాళ్ల పేర్లే ఒకదానికొకటి మారిపోతాయి. ఇద్దరు పిల్లలున్న ఏ అమ్మనడిగినా చెబుతుంది. జెలెన్‌స్కీ అంటే పుతిన్ గుర్తుకు రావడం, హారిస్ అంటే ట్రంప్ గుర్తుకు రావడం ఆ బాపతే.

అయినా బైడెన్ తప్పుకోవడానికి ఆ రెండు పేర్లు కారణమని రాస్తే అది తప్పుడు చరిత్ర. జూన్ 27 డిబేట్‌లో తొంభై నిమిషాలు కోట్ల మంది ఆయన్ని కళ్లారా చూశారు. అప్పటికే నిర్ణయానికొచ్చిన వాళ్లకు జూలై తడబాట్లు ముద్ర వేసి ఇచ్చాయి, అంతే.

ట్రంప్‌కు ఏదీ ఎందుకు అంటుకోదు?

2015 జూలైలో, వియత్నాంలో యుద్ధఖైదీగా ఏళ్లు గడిపిన జాన్ మెకేన్ గురించి "నాకు పట్టుబడని వాళ్లే ఇష్టం" అన్నారు. ఇక ఇంటికే అని విశ్లేషకులంతా తీర్పు ఇచ్చారు. పార్టీ టికెట్ ఆయనకే వచ్చింది. 2016 అక్టోబర్‌లో ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడిన ఆడియో బయటపడింది. నెల తిరిగేసరికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

వివాదం మీద వివాదం వస్తుంటే ఏ ఒక్కటీ నిలవదు, ఇది ఒక కారణం. నోటికొచ్చింది మాట్లాడటమే ఆయన మీదున్న కథ, అందులో కొత్త వివాదం వార్తే కాదు, ఇది ఇంకొకటి. ఏటా ఒకసారి తప్పు మాట్లాడే మనిషికి శిక్ష పడి, రోజూ మాట్లాడే మనిషికి పడకపోవడం రెండు తూకాల్లో అన్నిటికన్నా చెడ్డదని నా అభిప్రాయం. పద్ధతిగా ఉన్నందుకు జరిమానా కట్టినట్టే.

క్లిప్ కత్తిరించి చూపిస్తే ఏం తెలుస్తుంది?

చాలాసార్లు ఏమీ తెలియదు. 2012 జూలైలో ఒబామా వ్యాపారస్తులతో "అది మీరు కట్టలేదు" అన్నారని గోల. ముందు వాక్యాల్లో ఆయన మాట్లాడింది రోడ్లు, వంతెనల గురించి.

హోవార్డ్ డీన్ కథ ఇంకా విచిత్రం. డెమోక్రాట్ల అధ్యక్ష టికెట్ కోసం పోటీపడుతూ 2004 జనవరి 19న ఐయోవా రాష్ట్రంలో పార్టీ ఓటింగ్‌లో మూడో స్థానంలో వచ్చాక కార్యకర్తల్ని ఉత్సాహపరుస్తూ గట్టిగా అరిచారు. హాల్లో హోరు ఎంతుందంటే పక్కనున్న వాళ్లకే ఆయన గొంతు సరిగ్గా వినపడలేదు. ఆయన చేతిలోని మైక్ మాత్రం చుట్టూ ఉన్న చప్పుడును తోసేసి నోటి దగ్గరి శబ్దాన్నే పట్టుకునే రకం. టీవీలో చూసినవాళ్లకు నిశ్శబ్దంలో ఒక మనిషి పిచ్చిగా అరిచినట్టు వినిపించింది. ఆ ముక్కను వందలసార్లు తిప్పి వేశారు.

మావాళ్ల తప్పు నాకు చిన్నగా కనిపిస్తోందంటే నేను అబద్ధమాడుతున్నట్టా?

కాదు, నిజంగానే చిన్నగా కనిపిస్తుంది. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య ఒక మొరటు ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. తర్వాత ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు కాలేజీల విద్యార్థులకూ ఒకే ఫిల్మ్ వేసి, ఫౌల్స్ లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన ఫౌల్స్ ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రెట్టింపు కన్నా ఎక్కువ కనిపించాయి. ఎవరూ కావాలని తప్పు రాయలేదు.

ఇంత గొడవ జరిగాక ఓట్లు మారతాయా?

మనం అనుకున్నంత మారవు. 1984 ఆగస్టులో రొనాల్డ్ రేగన్ మైక్ టెస్ట్ చేస్తూ, రష్యాను నిషేధించే చట్టం మీద సంతకం పెట్టానని, ఐదు నిమిషాల్లో బాంబులు వేయడం మొదలవుతుందని జోక్ వేశారు. నవంబర్‌లో 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2010 ఏప్రిల్‌లో రాచ్‌డేల్‌లో ఒక సామాన్య ఓటరుతో మాట్లాడి కారెక్కాక, మైక్ ఆన్‌లో ఉందని మరిచి ఆమెను దురభిమాని అన్నారు. ఇంటికెళ్లి క్షమాపణ చెప్పారు. లేబర్ పార్టీ అధికారం కోల్పోయింది, కానీ ఆ రాచ్‌డేల్ సీటు మాత్రం లేబర్‌కే దక్కింది.

పోటీ హోరాహోరీగా ఉంటే లెక్క వేరు. 2006లో వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్, తనను వీడియో తీస్తున్న భారతీయ మూలాలున్న యువకుణ్ణి సభలో అందరి ముందు కోతి జాతి పేరును తలపించే "మకాకా" అన్న మాటతో పిలిచారు. అమెరికాకు స్వాగతం అని కూడా అన్నారు. ఆ కుర్రాడు పుట్టింది అమెరికాలోనే. అలెన్ పదివేల లోపు ఓట్లతో ఓడిపోయారు. ఇది తడబాటు కాదు, మూడో రకం.

ఇంకో సంగతి: ప్రభావం చూపేది మాట కన్నా మర్నాటి చర్చ. 1976 అక్టోబర్ 6 డిబేట్‌లో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదన్నారు. ఆ రాత్రి అడిగితే చూసినవాళ్లలో చాలామందికి ఆయన ఓడిపోయినట్టు అనిపించలేదు. మర్నాడు పత్రికలు, టీవీ అదే వాక్యం చుట్టూ తిరిగాక అభిప్రాయం తలకిందులైంది.

నా తూకం సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

పేరు మార్చి చదవండి. అదే వాక్యం మీకు నచ్చిన నాయకుడి నోట వచ్చినట్టు ఊహించుకుని, అప్పుడూ షేర్ చేస్తారా అని చూసుకోండి. తర్వాత మొత్తం వీడియో వెతకండి, కనీసం ముందు నిమిషం. మనిషి తప్పు తెలియగానే దిద్దుకున్నారా, లేక దాన్నే పట్టుకుని వేలాడారా అన్నది నేనైతే అన్నిటికన్నా ముందు చూస్తాను. ఫోర్డ్‌ను దెబ్బతీసింది ఆ వాక్యం కన్నా దాన్ని రోజుల తరబడి వెనక్కి తీసుకోకపోవడం.

ఒక్క తడబాటుతో రాజకీయ జీవితం ముగిసిపోతుందా?

2011 నవంబర్ 9న మిషిగన్‌లో రిపబ్లికన్ డిబేట్. తాను గెలిస్తే మూడు ప్రభుత్వ శాఖలు రద్దు చేస్తానని రిక్ పెర్రీ వేళ్లు చూపించారు. వాణిజ్యం, విద్య... మూడోది గుర్తురాలేదు. వేదిక మీదున్న రామ్నీ పర్యావరణ సంస్థ పేరు అందించారు. అది కాదట. దాదాపు నిమిషం వెతుక్కుని "సారీ, ఊప్స్" అన్నారు. రెండు నెలలు దాటగానే పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆ మూడోది ఇంధన శాఖ. 2017లో ట్రంప్ ఆయన్ని అదే శాఖకు మంత్రిని చేశారు. సెనేట్ విచారణలో పెర్రీ, ఆ శాఖ చేసే కీలకమైన పనులేంటో తెలిశాక, రద్దు చేయాలని అన్నందుకు చింతిస్తున్నానని చెప్పారు. 2011లో అందరూ పేరు మరిచిపోయినందుకు నవ్వారు. ఆ శాఖ ఏం చేస్తుందో తెలుసుకోకుండానే మూసేస్తానన్నారా అని ఆ రాత్రి ఎవరైనా నిలదీసి ఉంటే బాగుండేది.